రెండో ముప్పై ఏడు

ఇరవై మూడో చెట్టుకి తెల్లచదరం వేసి, అది ఆరేలోపు ఇరవై నాలుగో చెట్టు బెరడు గీకడం మొదలుపెట్టాడు అంకెలాయన. ఇనపబ్రష్షుతో పైపైన నాలుగు గీకులు, తడిగుడ్డతో ఒక తుడుపు, జానెడు చదరం తెల్లరంగు, ఆరాక దానిమీద ఎర్రరంగుతో అంకె. రొమ్ము ఎత్తులో, రోడ్డువైపు. పందొమ్మిదేళ్ళుగా ఇదే చెయ్యి, ఇదే ఎత్తు. ఊళ్ళో కరెంటు స్తంభాలకీ వీధికుళాయిలకీ ఇళ్ళ గుమ్మాలకీ అంకెలు వేసింది ఆయనే. అసలు పేరు పెళ్ళాం కూడా మర్చిపోయి ఉంటుంది.

ఈ వీధిలో చెట్లు అరవై రెండు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి అన్నీ కొట్టేస్తారట. మధ్యాహ్నం మూడింటికి రంపాల లారీ వస్తుంది. ఎందుకంత తొందరంటే, చెట్లు కొట్టొద్దని వీధివాళ్ళు పెట్టుకున్న అర్జీ మీద విచారణ ఎల్లుండే. ఈలోపు చెట్లే లేకుండా పోతే ఇంక విచారించడానికి ఏముంటుంది గనక? ఆ మాట మునిసిపాలిటీ ఇంజనీరు పైకి అనలేదుగాని, పొద్దున్నుంచీ రిజిస్టరు చంకలో పెట్టుకుని, గడియకోసారి వాచీ చూసుకుంటూ అంకెలాయన వెనకే తిరుగుతున్నాడు.

అంకెలాయన దడ వేరు. రోజుకూలీగా ఇన్నేళ్ళు చేశాక, పోయిన వారమే పర్మినెంటు కాగితం వచ్చింది. ఒకటో తారీఖు నుంచి. ఇంకా తొమ్మిది రోజులుంది. ఈ తొమ్మిది రోజులూ ఎవరి కంట్లోనూ పడకుండా తల వంచుకుని గడిపేస్తే చాలు, గట్టెక్కినట్టే.

గడవనిస్తేగా! ముప్పై ఎనిమిదో చెట్టు కింద ఆయన భార్య ఇస్త్రీబండి ఉంది.

రెండేళ్ళ క్రితం దాకా ఆ బండి పక్కవీధిలో ఉండేది. ఆ వీధి చెట్లకీ అంకెలు వేసింది ఈయనే. చెట్లు పోయిన మొదటి ఎండాకాలమే ఆవిడ ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే కుప్పకూలింది. మూడురోజులు ఆసుపత్రి మంచం మీద ఉలుకూ పలుకూ లేదు. లేచొచ్చాక మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. బండి తోసుకుంటూ ఈ వీధిలోకి వచ్చేసింది, అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేవాడేమో. ఆ తిట్టకపోవడమే ఆయన్ని తినేస్తోంది.

ఈ ఏడాది ఆవిడ, వీధి చివరింట్లో ఉండే రిటైరయిన టీచరమ్మ గుంపులో చేరింది. రోజూ పన్నెండింటికి ఈ వీధిలో ఒకసారి, పక్కవీధిలో ఒకసారి థర్మామీటరు పెట్టి, ఎంతుందో నోటుబుక్కులో రాసుకోవడం వాళ్ళ పని. "మనుషులకి జ్వరం చూస్తారుగాని రోడ్లకి చూస్తారటే!" అని మొదట్లో ఆయన పగలబడి నవ్వాడు. "రోడ్డుకి జ్వరమొస్తేనే కదయ్యా నేను పడిపోయింది" అంది ఆవిడ. మళ్ళీ నవ్వితే ఒట్టు.

ముప్పై ఆరో చెట్టు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఇక్కడ ముప్పై నాలుగు. అక్కడ నలభై మూడు."

"ఏంటవి?"

"ఎండ. ఇప్పుడే చూసొచ్చాం."

"ఇవన్నీ నాకెందుకు చెప్తావే? తొమ్మిదంటే తొమ్మిది రోజులుంది నాకు" అన్నాడాయన, ఇంజనీరుకి వినపడకుండా పళ్ళ మధ్య నుంచి.

"నిన్నేమడిగాను? నీళ్ళు తాగు." చెంబు వెనక్కి తీసుకుంటూ మాత్రం ఆవిడ గొంతు తగ్గింది. "రేపట్నించి బండి ఎటు తోసుకోవాలో అదొక్కటీ చెప్పు, చాలు."

ఆయన ఇనపబ్రష్షు అందుకున్నాడు. ముప్పై ఏడో చెట్టు గీకాడు, తుడిచాడు, అంకె వేశాడు. బండి దగ్గరికి వచ్చాడు.

ఒకప్పుడు, కొత్తగా పనిలోకి వచ్చినవాడొకడు ఒకే అంకె రెండు చెట్లకి వేశాడు. అక్కణ్ణించి చివరిదాకా ప్రతి చెట్టూ రిజిస్టరుకి ఒకటి వెనకపడింది. ఒక్క అంకె తప్పినా జాబితా మొత్తం చెల్లదు. మళ్ళీ కొలతలు, మళ్ళీ నోటీసులు, నెలరోజులు పట్టింది. ఆ రోజు వాణ్ణి నలుగురిలో నిలబెట్టి చెడామడా తిట్టింది అంకెలాయనే.

బ్రష్షు ముంచాడు. మూడు వేశాడు. ఎనిమిది వెయ్యాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది.

"ఏం ఆగావు? కానీ, కానీ!" వెనకనుంచి ఇంజనీరు.

"అవుతోందండి."

ఏడు గీశాడు. రెండంటే రెండు గీతలు. ఇంజనీరు బూట్లు దగ్గరపడుతున్నాయి. అంకె కేసి ఒక్క చూపు చూసిన ఆవిడ, ఏమీ ఎరగనట్టు, ఇస్త్రీ చేసిన దుప్పటి ఒకటి తీసి చెట్టుకి కట్టిన తాడు మీద ఆరేసింది. అంకె దుప్పటి చాటుకి పోయింది. ఇంజనీరు రిజిస్టర్లో ఒక టిక్కు పెట్టి, ఫోను మోగితే అటు తిరిగాడు. ఆ తర్వాత ఫోనులో మాట్లాడుతూనే, అంకెలు చూడకుండా చెట్లు లెక్కపెట్టి టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చివరి చెట్టుకి అరవై ఒకటి వేస్తుండగానే లారీ వచ్చింది. ఇంజనీరు అటు పరుగెత్తాడు. రంపం తగిలేముందు రిజిస్టరు చదివి, చెట్లన్నీ చూసి, జాబితా చివర వీధిమనిషి ఒకరు సాక్షిసంతకం పెట్టాలి. సాక్షి టీచరమ్మ. కళ్ళజోడు తుడుచుకుని, కలం మూత తీసి, ఒక్కో చెట్టు దగ్గరా ఆగుతోంది.

"ముప్పై ఏడు, కానుగ, చుట్టుకొలత నాలుగడుగులు" చదివాడు ఇంజనీరు.

"ఉందండి" అన్నాడు రంపాల మేస్త్రీ.

"ముప్పై ఎనిమిది, నిద్రగన్నేరు, ఆరడుగులు."

మేస్త్రీ దుప్పటి పక్కకి లాగాడు. "సార్, ఇక్కడా ముప్పై ఏడే ఉందండీ."

టీచరమ్మ కలానికి మూత పెట్టేసింది. "నేను సంతకం పెట్టను బాబూ."

ఇంజనీరు మొహం కందగడ్డయింది. అయినా తమాయించుకుని, అంకెలాయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. వేసినవాడే దిద్ది, పక్కన సంతకం పెడితే దిద్దుబాటు చెల్లుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పొరపాటు ఎవరికైనా వస్తుంది. పాతిక చెట్లు, గంట పని. దిద్దెయ్. నేను పైకి రాయను. ఒకటో తారీఖున హాయిగా పర్మినెంటవుతావు."

అంకెలాయన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ళు కళ్ళముందు తిరిగాయి. తలొంచుకోవడం తప్ప ఏనాడూ ఏదీ చెయ్యని పందొమ్మిదేళ్ళు. భయంగా ఉంది, నిజంగా భయంగానే ఉంది.

"దిద్దనండి."

"ఏంటీ?"

"పొరపాటు కాదండి ఇది. పక్కవీధికి వేసిందే పొరపాటు."

ఇంజనీరు చెయ్యి భుజం మీంచి జారింది. "అయితే ఆ డ్యూటీచొక్కా విప్పి ఇచ్చి పో. రేపట్నించి రానక్కర్లేదు."

ఆయన చొక్కా విప్పాడు. ఎంత భయంలోనూ పని పనే ఆయనకి. గుండీలన్నీ మళ్ళీ పెట్టి, నీటుగా మడిచి, ఇంజనీరు జీపు ముందుభాగం మీద ఉంచాడు. లారీ వెనక్కి తిప్పుకోవడానికి వీధిలో జాగా చాలక మేస్త్రీ ఎవరినో బూతులు తిడుతున్నాడు.

భార్య బొగ్గుల మీద నీళ్ళు చల్లింది. "పద. పొద్దున్నుంచీ మెతుకు తినలేదు" అంది. ఆయన బనీనుతోనే ఆవిడ పక్కన నడిచాడు. వీధి మలుపులో ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

జీపు విసురుగా కదిలితే చొక్కా జారి చెట్టునీడలో పడింది. ఎవరూ తియ్యలేదు. పర్మినెంటు అయినవాళ్ళకి జేబు మీద నెంబరు కుడతారు. దానికోసం ఆ జేబు మీద బెత్తెడు నల్లగుడ్డ చదరం ముందే కుట్టించి పెట్టుకున్నాడు, అదింకా ఖాళీగానే ఉంది.