ఒకే వైపు తిరిగిన గ్రహం

"నువ్వు ఆర్నెల్లు వెళ్లిపోతే అమ్మని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు మా అబ్బాయి, కోడలితో. అప్పుడు నేను వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. అంతకుముందే వాడికి భోజనం పెట్టి, గిన్నెలు కడిగి వచ్చాను. నన్నెవరో చూసుకుంటున్న సంగతి నాకప్పుడే తెలిసింది.

కోడలికి దూరాన పెద్ద టెలిస్కోపు దగ్గర పని వచ్చింది. సాయంత్రంలోగా చెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. వేరే నక్షత్రాలకు మరీ దగ్గరగా తిరుగుతూ భగభగలాడే పెద్ద గ్రహాల మీద ఆమె చదువు. గ్రహం అడ్డం వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు దాని అంచునున్న గాలిపొరలోంచి వస్తుందట. ఆ వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూసి, ఆ గాలిలో ఏముందో చెబుతారు. మా ఆయన పోయాక నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఆమె గ్రహాల బొమ్మ కింద ఉన్న "నీటి ఆవిరి" నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట. "ఇప్పుడు చదివి ఊళ్లేలాలా?" అనడానికి మా ఆయన లేడు.

"అలాంటి గ్రహం ఎప్పుడూ ఒక్క వైపే నక్షత్రానికి చూపిస్తుందత్తయ్యా. ఆ వైపంతా మాడిపోతుంది, రెండో వైపు ఎప్పుడూ చీకటే," అంది ఒకసారి.

"కాపురం చేసినదాన్ని, నాకు చెప్తావేంటే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నా రెండో వైపు ఏముందో ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదన్న ఆలోచన చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఇప్పుడు కోడలు ఫోను పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. నేను నోరు మెదపకపోతే ఆగిపోతుంది. రేపు ఎవరైనా అడిగితే, ముసలి అత్తగారి కోసం మానేసిందంటారు. నన్ను గొలుసు చేసి ఆమె కాళ్లకు వేస్తున్నారు.

ఇస్త్రీపెట్టె ఆపాను. "నన్నెవరూ చూసుకోనక్కర్లేదురా. నిన్ను చూసుకుంటున్నదే నేను. అది ఇవాళ్టితో సరి."

"అంటే నువ్వూ దాని పక్షమేనా?"

"మొదట మీ నాన్న పక్షం, తర్వాత నీ పక్షం. ఇప్పుడు నా పక్షాన మాట్లాడుతున్నా."

వాడు సగం ఇస్త్రీ అయిన చొక్కా వైపు చూశాడు. కోడలు ఫోను చేసి, వస్తున్నానని చెప్పింది. అక్కడ ఉండడానికి గది ఒకరికా, ఇద్దరికా అని అవతలివాళ్లు అడిగారు. ఆమె నావైపు తిరిగింది.

నేను రెండు వేళ్లు చూపించి, "వంట చెయ్యడానికి మాత్రం కాదు," అన్నాను.