డెల్సీ లేని మంగళవారాలు

మంగళవారం వచ్చిందంటే నోయెలీన్ కాలితో తొక్కే తన రాట్నాన్ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఓమరూ రేవు దగ్గరున్న పాత ధాన్యం గిడ్డంగికి బయల్దేరేది. ఆ మేడమీద పదిమంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు చేరి ఉన్ని వడుకుతారు, స్వెట్టర్లు అల్లుతారు, ఊరంతా పాతకాలపు వేషాలు వేసే నవంబరు ఉత్సవానికి నూటనలభై ఏళ్ల కిందటి మోస్తరు దుస్తులు కుడతారు. ఎవరికీ అది బతుకుతెరువు కాదు, సరదా. నోయెలీన్‌కి ఆ సరదాలో సగం డెల్సీయే.

ఇరవై ఆరేళ్లుగా కిటికీ పక్క రెండు కుర్చీలూ వాళ్లవే. డెల్సీ ఉన్ని ఏకి ఇస్తే నోయెలీన్ వడికేది. నోయెలీన్ బట్ట కత్తిరిస్తే డెల్సీ కుట్టేది. ఒకరి నడుం కొలత ఇంకొకరి పుస్తకంలో ఉండేది.

పోయిన ఉత్సవంలో అది చెడింది. చెడగొట్టింది నోయెలీనే.

పాతకాలపు దుస్తుల విషయంలో ఆమెది మహా పట్టింపు. లేసు పదేళ్లు అటూ ఇటూ అయినా ఊరుకోదు. ఆ రోజు డెల్సీ గోధుమరంగు పట్టు గౌను వేసుకుని వచ్చింది. దాని పక్కకుట్టు సర్దబోయిన నోయెలీన్ వేళ్లకి పట్టీ కింద గరుగ్గా ఏదో తగిలింది.

"ఏమే డెల్సీ, జిప్పా!" అని నలుగురూ వినేలా అరిచింది. "ఆ రోజుల్లో జిప్పు ఎక్కడ దొరికిందే నీకు? మీ తాతమ్మ గానీ మన కాలానికొచ్చి కొనుక్కెళ్లిందా?"

అందరూ పగలబడి నవ్వారు. డెల్సీ కూడా నవ్వింది.

ఆ తర్వాతి మంగళవారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. 'అలిగింది, తనే వస్తుందిలే' అనుకుంది నోయెలీన్. ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసిన రోజులు ఎన్నో. అలా అనుకుంటూ ఉండగానే ఈస్టర్ వెళ్లిపోయింది. డెల్సీ గంట ప్రయాణం దూరంలోని తిమారూ ఊళ్లో కూతురి దగ్గరికి మకాం మార్చేసిందని ఎవరో చెప్పారు. చెప్పకుండా వెళ్లిందన్న కోపం కొన్నాళ్లు నోయెలీన్‌ని నిలబెట్టింది. కోపం చల్లారాక మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే. ఎవరైనా అందులో కూర్చోబోతే, "అక్కడ గాలి కొడుతుంది, ఇటు రండి" అనేది.

మే నెలలో ఉన్ని కొట్లో డెల్సీ కూతురు రొవీనా కనిపించింది. తల్లి ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చిందట.

"అమ్మ రాట్నం పట్టుకెళ్తున్నా ఆంటీ. వడకలేదనుకోండి, ఊరికే చూసుకుంటానంది."

"వడకలేకపోవడమేంటి?"

రొవీనా తెల్లబోయింది. "చేతులు ఆంటీ. రెండేళ్లుగా కీళ్లు బిగుసుకుపోయాయి. గుండీ పెట్టుకోలేదు, హుక్కు తగిలించుకోలేదు. మీకు తెలుసనుకున్నా."

నోయెలీన్ ఏమీ కొనకుండానే బయటికొచ్చి కార్లో కూర్చుంది. వేసవిలో కూడా డెల్సీ వేసుకునే వేళ్లులేని చేతితొడుగులు గుర్తొచ్చాయి. ఏడాదిపాటు సంచిలోంచి తీసి, ఒళ్లో పెట్టుకుని, మళ్లీ సంచిలో పెట్టేసుకున్న సగం అల్లిన మేజోడు గుర్తొచ్చింది. 'ఆ రెండో కాలు ఏనుక్కి అల్లుతున్నావా?' అని తను వేళాకోళం ఆడింది కూడా. పక్కనే కూర్చుని, కుట్టు కుట్టూ లెక్కపెట్టే మనిషికి ఆ చేతులు కనపడలేదు.

జూన్‌లో మొదలయ్యే అక్కడి చలికాలమంతా నోయెలీన్ ఒక పాతకాలపు మోస్తరు జాకెట్టు కుట్టింది. కొండదారిలోని గొర్రెలమందల వాళ్ల దగ్గర తెచ్చిన ఉన్నిని తనే వడికి, ముదురాకుపచ్చ రంగు అద్ది, గుంపులో మగ్గం ఉన్న ఆయన చేత నేయించింది. ముందువైపు పద్దెనిమిది గుండీలు, అన్నీ ఉత్తుత్తివే. వాటి కింద జిప్పు పెట్టింది, వేలు దూరేటంత ఉంగరం తగిలించి. జన్మలో మొదటిసారి జిప్పు కుడుతోంది కనుక రెండుసార్లు విప్పి కుట్టాల్సొచ్చింది.

ఆగస్టులో ఒక మంగళవారం తిమారూలో రొవీనా ఇంటికెళ్లి తలుపు గంట కొట్టింది. తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"రా ఇన్‌స్పెక్టరమ్మా," అంది డెల్సీ. "దేన్ని పట్టుకోడానికొచ్చావు?"

నోయెలీన్ పొట్లం విప్పి జాకెట్టు చూపించింది. డెల్సీ ఉంగరంలో వేలు దూర్చి లాగింది. జర్రున పైకొచ్చింది.

"జిప్పు పెట్టావా! నువ్వే!"

"ఎవరికీ చెప్పకు."

తొడుక్కుంటే భుజాల దగ్గర రెండంగుళాలు వదులైంది. కొలత పుస్తకంలోది పాత డెల్సీ. ఇద్దరూ అది చూశారు.

"తప్పయిపోయిందే," అంది నోయెలీన్ చివరికి. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే జాలిపడి మెత్తగా మాట్లాడేదానివి. నువ్వు నన్ను కసురుతూ ఉంటేనే నాకు బాగుండేది." డెల్సీ జిప్పు ఉంగరాన్ని మళ్లీ కిందికి లాగింది. "అయినా ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. అది కూడా నిజమే."

చీజు వేసి కాల్చిన చిన్న రొట్టెలు, స్కోన్లు, తిన్నారు. మూల దుప్పటి కప్పి ఉన్న రాట్నం దగ్గరికి వెళ్లి నోయెలీన్ దుప్పటి లాగేసింది.

"చేతులు పోతే పోయాయి, కాళ్లకేమొచ్చింది? తొక్కు."

డెల్సీ తొక్కింది. పక్కన స్టూలు మీద కూర్చుని నోయెలీన్ ఉన్ని సాగదీసింది. ఒకరి కాలికీ ఒకరి చేతికీ పొంతన కుదరక దారం ఒకచోట పురికొసలా, ఒకచోట వెంట్రుకలా వచ్చింది, రెండుసార్లు తెగింది కూడా.

"నెమ్మదిగా తొక్కవే, గుర్రప్పందెం అనుకున్నావా?"

"హమ్మయ్య," అంది డెల్సీ, "ఇప్పుడొచ్చింది నీ గొంతు."

అప్పట్నుంచి రెండు వారాలకోసారి నోయెలీన్ తిమారూ వెళ్తూనే ఉంది. ఎంత బతిమాలినా డెల్సీ ఉత్సవానికి మాత్రం రానంది. "అంతదూరం ఓపిక లేదే, ఫొటోలు తెచ్చి చూపించు," అంది. ఆకుపచ్చ జాకెట్టు తిమారూలోనే, అలమరాలో ఉండిపోయింది.

నవంబరులో తెల్లరాతి మేడల వీధి నిండా బోనెట్ టోపీలు, గొడుగులు. నోయెలీన్ బూడిదరంగు గౌనులో వెళ్లింది. ఫొటో తీసే కుర్రది "నిలబడండి" అనగానే, ఇన్నేళ్లూ చేసినట్టే, పక్కనున్న మనిషి కాలరు సర్దడానికి ఆమె ఎడమచెయ్యి దానంతట అదే లేచింది. అక్కడ ఎవరూ లేరు. ఫొటోలో చెయ్యి అలాగే పడింది.