తరిఫీదుకు అడిగిన ఇల్లు

నన్ను ఊళ్ళో అందరూ అనుమానపు పక్షి అంటారు. అననివ్వండి. మొగుడు పోయి, మామిడితోటలో ఒంటరిగా ఉంటున్న ఆడది అనుమానపడకుండా ఎలా బతుకుతుంది?

తోట గణపతిరావు బాబుది. తోటలో తాటాకిల్లు మాత్రం నేనూ నా మొగుడు సోములూ మట్టి తొక్కి కట్టుకున్నది. కాపలా కాసినందుకు, మీరు బతికున్నన్నాళ్ళూ ఇక్కడే ఉండండని గణపతిరావు తండ్రి నోటిమాటగా ఇచ్చిన చోటు. ఆ పెద్దాయన పోయాడు, సోములూ పోయాడు. తోట అమ్ముకోవాలి, ఇల్లు ఖాళీ చెయ్యమని గణపతిరావు ఎన్నిసార్లు కబురు పెట్టినా నేను కదల్లేదు.

అలాంటి మనిషి ఒక పొద్దున కొత్త చీర పట్టుకుని, దాలమ్మా అని తియ్యగా పిలుస్తూ నా గుమ్మంలోకి వచ్చాడు. అప్పుడే నాకు అనుమానం పుట్టింది.

శృంగవరపుకోటలో కొత్త పోలీసు కుర్రాళ్ళకు తరిఫీదు నడుస్తోందట. పరాయి ఇంట్లో దూరి కూర్చున్నవాళ్ళను దెబ్బ తగలకుండా ఎలా బయటికి తేవాలో నేర్పుతారట. దానికో ఇల్లు కావాలని హెడ్డు కానిస్టేబులుగారు అడిగితే ఈయన నా ఇల్లు చూపించాడట. నేను దూరిన మనిషిలా లోపల కూర్చోవాలి. అడిగినప్పుడు, ఇది నా ఇల్లు కాదు, చెప్పకుండా వచ్చి ఉంటున్నాను అనాలి. వాళ్ళు నన్నూ నా సామానునూ బయట పెడతారు. సాయంత్రానికి మళ్ళీ ఎవరింట్లో వాళ్ళం, అంతా ఉత్తుత్తిదే అన్నాడు. చూడ్డానికి మునసబు, కరణం కూడా వస్తారని వెళ్తూ వెళ్తూ, చుట్ట వెలిగించుకుంటూ చెప్పాడు.

ఉత్తుత్తి ఆటకు మునసబెందుకు, కరణమెందుకు? పక్క పొలం లక్ష్మణమ్మతో చెబితే, ఊరికే చీర వస్తుంటే ఏడుస్తావెందుకని నన్నే తిట్టింది. కాదంటే పోలీసులకు కోపం. సరేనంటే పెద్దమనుషుల ముందు నా నోటితో నేనే నా ఇల్లు పోగొట్టుకుంటాను.

మర్నాడు వచ్చారు. కుర్రాళ్ళు లాఠీలతో వరసగా నిలబడ్డారు. హెడ్డు అప్పలనరసింహం వయసు మళ్ళినవాడు, మెత్తగా మాట్లాడే మనిషి. మెత్తని మనుషులంటే నాకు ఇంకా భయం. మునసబు, కరణం నులకమంచం మీద కూర్చున్నారు. గణపతిరావు లాల్చీ జేబులోంచి తాళంకప్ప కొక్కెం బయటికి కనిపిస్తోంది. నన్ను బయట పెట్టగానే గుమ్మానికి వేసేది అదేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

గుమ్మం బయటే నిలబడి హెడ్డుకు చేతులు జోడించాను.

"బాబూ, ఉత్తుత్తిదే కదా. దూరినోలు ఎవులైతే ఏటి? గణపతిరావు బాబుని లోపల కూకోమనండి. ఇల్లుగలదాన్నని నేను పిర్యాదు సేస్తాను. ఆ మాటేదో ఆ బాబే అంటాడు."

కుర్రాళ్ళు నవ్వారు. హెడ్డుకూ సరదా పుట్టింది. మగమనిషయితే పట్టుకుని లేవదీయడం బాగా నేర్పొచ్చు అన్నాడు. మునసబు కూడా కానివ్వమనేసరికి గణపతిరావుకు తప్పలేదు. వంగి లోపలికి వెళ్ళి నా చాప మీద కూర్చున్నాడు.

హెడ్డు గుమ్మంలో నిలబడి, ఈ ఇల్లు ఎవరిదని అడిగాడు. మళ్ళీ అడిగాడు. దూరినవాడు ఏమంటాడో కుర్రాళ్ళు వినాలి, చెప్పండి అన్నాడు. గణపతిరావు కరణం వైపు చూశాడు. కరణం చూపు తిప్పుకున్నాడు.

"ఇంతమంది సాచ్చుల ముందర ఆ మాట నేనెందుకంటాను?" అని గణపతిరావు లేచి నిలబడ్డాడు.

హెడ్డు ముఖంలో సరదా పోయింది. మరి ఈవిడ చేత ఎందుకు అనిపించబోయారని అడిగాడు. గణపతిరావు తోట దాటి వెళ్ళిపోయాడు. మునసబు, కరణం కూడా మెల్లగా జారుకున్నారు.

అక్కడే గుమ్మంలో కూలబడి బావురుమన్నాను. హెడ్డు కుర్రాళ్ళను ముందుకు నడిపించి, తను మాత్రం ఆగాడు.

"అమ్మా, రేపు ఆయన కోర్టుకెళ్ళి ఆర్డరు తెస్తే మళ్ళీ మేమే రావాల. అప్పుడు ఉత్తుత్తిది కాదు."

ఆ మాటలో బెదిరింపు లేదు, జాలి ఉంది. వచ్చేది నిజమేనని నాకు అర్థమైంది. ముఖం తుడుచుకున్నాను.

"రండి బాబూ. నన్ను మోసుకెళ్ళి బయట పడేయండి. గానీ నాది కాదని మాత్రం నా నోటంట అనను."