బూటు కాలు

సాంబయ్య కొయ్యకాలి పిక్కను మోకాళ్ల నడుమ బిగబట్టి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. ఎవరేం చెప్పినా కాదనడని పేరు. ఆ పేరు చూసుకుని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఆ పేరు వినే ఇంజనీరింగ్ చదివే అనంత్ రావు వెతుక్కుంటూ వచ్చాడు. కోరుట్ల దగ్గర వాళ్ల తాత జలపతి రావు వరిమిల్లులో బెల్టుకు చిక్కి, లచ్చయ్య అనే కూలీకి కుడికాలు మోకాలి కింద పోయింది. అతనికి కొయ్యకాలు చేయడమే తన కాలేజీ ప్రాజెక్టు అన్నాడు అనంత్ రావు. కాగితం మీద గైడు ఎవరైనా, చెక్క చెక్కడం నుంచి తోలుపట్టీ కుట్టడం దాకా నేర్పింది సాంబయ్యే. నిన్న కొత్త కాన్వాసు బూటు తెచ్చి, కొయ్య పాదానికి మేకులతో బిగించమన్నాడు. ఫొటోలో బాగుంటుందట. దొరల వాకిట్లోకి కూలివాళ్లు చెప్పులతో అడుగుపెట్టరు, ఊడని బూటుతో లచ్చయ్య ఎలా పోతాడని సాంబయ్యకు అప్పుడే తట్టింది. మాట నోటిదాకా వచ్చింది.

"సరే దొరా" అన్నాడు.

నక్సలైటు అన్నలు ఊళ్లలో తిరగడం మొదలయ్యాక జలపతి రావు జగిత్యాలకు మారిపోయాడు. ఫొటో తీసేది అక్కడి ఇంట్లోనే. మర్నాడు జగిత్యాల బస్టాండులో లచ్చయ్య కాలు తొడుక్కుని, చంకకర్ర సాంబయ్య చేతికిచ్చి, బజారు పొడుగునా నడిచాడు. కిళ్లీకొట్టు అద్దం ముందు ఆగి రెండు కాళ్లూ చూసుకున్నాడు. సాంబయ్యకు కళ్లు చెమర్చాయి. ఏ మగ్గం బాగుచేసినప్పుడూ ఇంత సంతోషం కలగలేదు.

అనంత్ రావు బూట్లతోనే తాత ఇంటి గేటు దాటి వరండా మెట్ల దాకా వెళ్లిపోయాడు. సాంబయ్య కాళ్లు మాత్రం వాటంతటవే గేటు బయట చెప్పులు విడిచాయి. అది చూసి లచ్చయ్య ఆగాడు. ఎడమకాలి చెప్పు విడిచాడు. గేటు పక్క బండ మీద కూర్చుని, పట్టీలు ఒక్కొక్కటే విప్పి, కాలును గోడకు ఆనించాడు. చంకకర్ర అడిగి తీసుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్లాడు.

"కాలేది లచ్చయ్యా?" అన్నాడు అనంత్ రావు.

"బయట ఉన్నది దొరా."

అనంత్ రావుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కెమెరా కిందికి దించాడు. వరండాలో జలపతి రావు పేపరు పేజీ తిప్పాడు.

బయటికొచ్చాక లచ్చయ్య తలెత్తలేదు.

"ఇప్పుమని ఎవ్వలన్న అన్నరా, సాంబన్నా?"

"అనలే."

"కూలి సంఘం పెట్టినంక ఊళ్లె గీ దొర వాకిట్లకే చెప్పులతోని పోయిన. ఈడ నా చేతులే ఇప్పినయ్."

"ముందుగాల ఇడిసింది నేను. మేకులు కొట్టేటప్పుడే నాకెరుక, లచ్చన్నా. నోరు లేవలే."

సాంబయ్య గోడ దగ్గరికి నడిచాడు. వంగి కాలు అందించబోయాడు.

"వద్దన్నా. తొడిగినప్పుడల్లా గిదే యాదికొస్తది."

ఎడమకాలికి చెప్పు తొడుక్కుని, చంకకర్ర మీద కోరుట్ల బస్సుకు వెళ్లిపోయాడు. సాంబయ్య పిలవలేకపోయాడు.

గోడకు ఆనించిన కాలు అలాగే ఉంది. తెల్ల కాన్వాసు బూటుకు ఒక్క బజారు దుమ్మే అంటింది.