నిద్ర పట్టిన వాక్యం

జడ్జమ్మకు ఒక అలవాటుంది. ఏ తీర్పు రాసినా, సంతకం పెట్టే ముందు కూతురికి చదివి వినిపిస్తుంది. కూతురు సోఫాలో వాలి, తల్లి ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటుంది. ఏ వాక్యం దగ్గర నిద్రపోతే ఆ వాక్యం మీద గీత పడుతుంది. పిల్ల బడికి వెళ్ళే రోజుల నుంచీ ఇదే వరస. "పై కోర్టు కొట్టేసిన వాటికంటే మా గువ్వ కొట్టేసినవే ఎక్కువ" అని ఆవిడ మురిసిపోయేది.

ఇప్పుడు గువ్వ కాలేజీ పిల్ల. కొన్నాళ్ళుగా అన్నం కెలికి లేచిపోతోంది. ఏమైందే అంటే "ఏం లేదమ్మా" అంటుంది. ఫోను మాత్రం చేతిలోంచి దిగదు. తల్లి ప్రాణం ఉసూరుమంటోంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. కిటికీ తెర గాలికి ఉబ్బి, నెమ్మదిగా కూలబడి, మళ్ళీ ఉబ్బుతోంది. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు మసకగా ఉంది. జడ్జమ్మ చదవడం మొదలుపెట్టింది.

లాకప్‌లో ఒకతను నిద్రపోతుంటే పోలీసులు అతని బొటనవేలు పట్టుకుని అతని ఫోను తెరిచారు. అది చెల్లుతుందా అన్నది కేసు. ఇదివరకు జడ్జీల బెంచి ఒకటి, వేలు తాళంచెవి లాంటిదంది, ఇంకొకటి అది మనసుకు తలుపంది. పత్రికల్లో న్యాయ పండితులు రెండు జట్లుగా చీలి కత్తులు నూరుకుంటున్నారు. ప్రభుత్వ లాయరు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "అతని ఒంటి మీద గోటి గీత కూడా పడలేదండి. నిద్ర కూడా చెడలేదు" అన్నాడు మెత్తగా. ఆ మాట జడ్జమ్మకు నచ్చింది. తీర్పు అటే మొగ్గింది.

చదువుతుంటే ఆవిడకే రెప్పలు బరువెక్కాయి. ఆ లాయరు నల్ల గౌనులో, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి తెర వెనక నిలబడ్డట్టు, కోర్టు బెంచీలన్నీ అతని చుట్టూ తేలుతున్నట్టు అనిపించింది. "ఉద్దేశం మంచిదైనప్పుడు, నిద్రపోతున్న మనిషికి జరిగిన నష్టమేమీ లేదు" అని చదివి, తల తిప్పి చూసింది. గువ్వ నిద్రపోయింది.

గీత గీయడానికి కలం తీసింది. అప్పుడే పిల్ల గుండెల మీదున్న ఫోను గుర్రుమంది. కాస్త ఆగి మళ్ళీ గుర్రుమంది. పిల్ల కదల్లేదు.

కన్నతల్లిని, పరాయిదాన్నా, అనుకుంది జడ్జమ్మ. ఏ ఆపదలో చిక్కుకుందో తెలిస్తేనే కదా కాపాడుకునేది. కలలోలాగా చెయ్యి దానంతటదే వెళ్ళింది. వెచ్చటి బొటనవేలు పట్టుకుని ఫోను మీద ఆనించింది. అది తెరుచుకుంది.

ఆ వెలుగులో ముందు కనపడింది వేలే. కొరికి కొరికి, గోరు చివర నెత్తురు కట్టి ఉంది. రోజూ పక్కన కూర్చుని తినే పిల్ల వేలు ఎలా ఉందో చూడలేదే అని గుండె కలుక్కుమంది. ఫోను బోర్లా పెట్టేసింది. ఒక్క అక్షరం చదవలేదు.

గువ్వ కళ్ళు తెరిచింది. ఎప్పటిలాగే, "ఎక్కడ నిద్రపోయానమ్మా?" అంది.

ఏదో ఒకటి చెబితే గడిచిపోయేది. జడ్జమ్మ కలం కింద పెట్టింది. "నీ వేలు పెట్టి ఫోను తెరిచాను. ఏమీ చదవలేదు. కానీ తెరిచాను."

పిల్ల అరవలేదు. తల్లి ఒళ్ళోంచి కాళ్ళు తీసుకుంది. "ఇవాళ చెప్దామనే వచ్చి పడుకున్నానమ్మా" అని, ఫోను తీసుకుని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది.

తీర్పు తిరగబడింది. పోలీసులు చేసింది చెల్లదని రాసింది జడ్జమ్మ. నష్టమేమీ లేదన్న చోట, "ఈ నష్టం నిద్రలో తెలియదు, మళ్ళీ నిద్ర పట్టనప్పుడు తెలుస్తుంది" అన్న వాక్యం వచ్చింది. పండితులు దాన్ని మెచ్చుకుని, ఏ పాత తీర్పులోంచి తీసిందా అని వెతికారు. ఎక్కడా దొరకలేదు.

కొన్నాళ్ళకు ఇంకో తీర్పు, ఇంకో ఆదివారం. గువ్వ కాగితాల చప్పుడు విని వచ్చింది. జడ్జమ్మకు ప్రాణం లేచొచ్చింది. గబగబా సోఫాలో చోటు చేసి, ఒడి సర్దుకుని కూర్చుంది.

పిల్ల ఎదురుగా ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చుంది, చేతులు రెండూ చంకల్లో దాచుకుని. "చదువమ్మా, వింటాను" అంది.

జడ్జమ్మ చివరి పేజీ దాకా చదివింది. ఒక్క వాక్యం దగ్గర కూడా పిల్ల రెప్ప వాల్చలేదు.