మిక్సీ వేసేదెవరు?

"కుర్చీలోంచి లేవకుండా నెలనెలా సంబళం తీసుకునేది ఈ ఊళ్ళో నువ్వొక్కతివే" అని మొగుడు మాదేష్ అన్నప్పుడు తెన్మొళి కొబ్బరి తురుముతోంది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్ళయినప్పటి నుంచీ వింటూనే ఉంది, విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను పట్టే డిష్‌లకు రూపం గీయడం, ఆ రూపం ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో నడిపి చూడడం ఆమె ఉద్యోగం. బెంగళూరు ఆఫీసు పని పాపిరెడ్డిపట్టి ఇంట్లోంచే చేస్తుంది. ఈసారి రేకు బదులు కోళ్ళగూటికి కట్టేలాంటి కమ్మీవలతో డిష్ గీసింది. చిన్న నమూనా చేయించి మిద్దె మీద నిలబెట్టింది కూడా.

"ఇన్ని తూట్లుంటే ఏం పట్టుకుంటాదే అది?" అని అత్త నాగవేణమ్మ ఆ రోజే అడిగింది.

"ఆ అలలు మనిషంత పొడుగుంటాయి అత్తా. ఈ తూట్లల్లో దూరలేవు."

"అట్లనా!" అంటూ ముసలామె వలలో వేలు పెట్టి చాలాసేపు చూసింది.

చిక్కల్లా ఇప్పుడొచ్చింది. డిష్ వెనకవైపు నుంచి, అంటే కింద ఇంటివైపు నుంచి, పెద్దగా ఏమీ దూరకూడదని లెక్క. డిష్‌కు తగిలించిన కంప్యూటర్ తెర మీద మాత్రం పూటపూటకీ ఎర్రటి గీతలు. "వల కారుతోందంటే వదిలేద్దాం, రేకుదే తీసుకుందాం" అని ఆఫీసులో మణివణ్ణన్ సార్ సోమవారం దాకా గడువిచ్చాడు. ఏడాది కష్టం గంగలో కలిసేట్టుంది. ఎక్కడిదీ గీత? మెరుపా, పక్కింటి మోటారా, తన లెక్కలోనే తప్పా? విచిత్రమేమిటంటే ఆమె కళ్ళప్పగించి కూర్చున్నంతసేపూ అది రాదు. లేచి వెళ్ళొచ్చేసరికి వచ్చి పోయి ఉంటుంది. ఇదేం దొంగాట!

అందుకే ఇవాళ అత్తను తెర ముందు కూర్చోబెట్టింది. "ఎర్రగా వస్తే కేకెయ్యి అత్తా" అని చెప్పి వంటింట్లోకి పోయి మిక్సీ వేసింది.

"వచ్చె! వచ్చె!"

మిక్సీ ఆపి పరుగెత్తుకొచ్చింది. తెర నల్లగా ఉంది.

"ఇప్పుడే పోయినాది కదే!"

మళ్ళీ పోయి మిక్సీ వేసింది. మళ్ళీ కేక. ఆపింది. కేక లేదు. మిక్సీ గుండీ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ముందు నవ్వొచ్చింది, వెనకే కోపమొచ్చింది. ఇంత దగ్గర మిక్సీ మోటారు నిప్పురవ్వలు కొట్టి అలలు చిమ్ముతుంటే రేకు డిష్ అయినా ఎర్రగీత చూపేదే. అది కాదు ఆమె కోపం. ఆమె తెర ముందున్నప్పుడు ఈ ఇంట్లో మిక్సీ ఏనాడూ మోగలేదు. ఇంకెవరైనా, ఒక్కసారంటే ఒక్కసారి వేసి ఉంటే, మొదటిరోజే తెలిసిపోయేది.

"ఇడ్లీ ఆరిపోతా ఉంది. చట్నీ ఏమాయ?" అంటూ మాదేష్ వచ్చాడు.

"నువ్వు పోయి మిక్సీ వెయ్యి మామా. నేను కళ్ళారా చూడాల."

"నాకు రాదే!"

"మూత పట్టుకోని గుండీ తిప్పురా. దానికి చదువు కావల్నా?" అంది నాగవేణమ్మ.

వంటింట్లో మిక్సీ అరిచింది. తెర మీద గీత భగ్గున లేచింది. ఇన్నాళ్ళకు తెన్మొళి దాన్ని ముఖాముఖి చూసింది. "ఆపు!" అంది. నలుపు. "వెయ్యి!" అంది. ఎరుపు. తప్పు వలది కాదు. ఆమెకు లేచి గంతెయ్యాలనిపించింది.

"తెలిసిపోయె కదా, ఇంక లేచొచ్చి చట్నీ నువ్వే చెయ్యి" అని మాదేష్ అరిచాడు.

తెన్మొళి కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

"తెలిసింది కాబట్టే మామా, ఇంక లేవను."