వేగం తగ్గించిన పాట

డాఫిన్ ఊరి ఈతకొలనులో లోర్నా పదకొండేళ్లుగా వ్యాయామం చేయిస్తోంది. వచ్చేవాళ్లంతా అరవై దాటిన ఆడవాళ్లు. ఛాతీ లోతు నీళ్లలో నిలబడి పాటకు తగ్గట్టు కాళ్లూ చేతులూ ఆడిస్తారు. తాళం నిమిషానికి నూట పాతిక దెబ్బలు దాటితే నీళ్లలో ఎవరికీ అడుగు కలవదు. అందుకని ఆదివారం పొద్దున వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పాటలన్నిటినీ ఆ లెక్కకు తెచ్చుకుంటుంది.

ఫిబ్రవరిలో వాళ్లలో ఒకావిడ, పౌలీన్, ఒక క్యాసెట్ తెచ్చిచ్చింది. చర్చి పక్క హాలును ఖాళీ చేస్తుంటే ఒక అట్టపెట్టెలో దొరికిందట. మీద "పెళ్లి" అని తప్ప ఇంకేమీ రాసి లేదు.

"ఎవరి పెళ్లో ఏమో. మా ఉక్రెయిన్ పాటలే అయ్యుంటాయి. నీ రేడియో పాటలతో చెవులు చిల్లులు పడుతున్నాయి తల్లీ, ఇవి వేసి చూడు," అంది పౌలీన్.

లోర్నా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి విన్నది. అన్నిటికంటే చివరి పాట నచ్చింది. ఎవరో అమ్మాయి సన్నటి గొంతుతో గబగబా పాడుతోంది. చివర్లో, పాట ఇంకా వెనకాల నడుస్తుండగానే, పిచ్చుకల గోలలా ఏవో మాటలు. ఆ ముక్క కత్తిరించేద్దామనుకుంది. తాళం లెక్కపెడితే నూట అరవై వచ్చింది. నూట పాతిక చేసి మీట నొక్కింది.

వేగం మార్చినప్పుడు గొంతు మారకుండా ఉండాలంటే అక్కడొక గడిలో టిక్కు పెట్టాలి. రోజూ పెట్టేదే, ఆ రోజు మరిచిపోయింది.

అమ్మాయి గొంతు పోయి మగ గొంతు వచ్చింది.

లోర్నా నవ్వుకుంటూ ఆపబోయి ఆగిపోయింది. పాడేవాడు ప్రతి చరణానికీ ముందు ముక్కుతో చిన్నగా, రెండుసార్లు గాలి పీలుస్తున్నాడు. ఫోనులో మాట్లాడబోయే ముందు ఆమె భర్త నెస్టర్ పీల్చినట్టే. నలభై రెండేళ్లుగా వింటున్న చప్పుడది. నెస్టర్ పాడగా ఆమె ఎన్నడూ వినలేదు. పుట్టినరోజుల్లో అందరూ పాడుతుంటే అతను కొవ్వొత్తులు సర్దుతూ నిలబడేవాడు.

అతను వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు. తలుపు తీసి పిలిచింది. బూట్లతోనే లోపలికొచ్చాడు.

"ఇదెవరు?" అని పాట పెట్టింది.

నెస్టర్ చేతి తొడుగులు తీయలేదు. రెండు చరణాలు నడిచాక, "ఆపు," అన్నాడు.

"నువ్వేనా?"

"ఎక్కడిది నీకిది?"

"ముందు నేనడిగినదానికి చెప్పు. పిల్లలకి జోలపాట కూడా నా చేతే పాడించావు. నీకు గొంతు లేదన్నావు."

నెస్టర్ కుర్చీలో కూలబడ్డాడు. బూట్ల నుంచి కరిగిన నీళ్లు నేల మీద పారుతున్నా చూసుకోలేదు. చెప్పాడు. అది డెబ్భై నాలుగులో పౌలీన్ పెళ్లి. అన్న తారస్ అకార్డియన్ వాయించాడు, తను పాడాడు. తిరుగు ప్రయాణంలో బండి తను నడపాలి, ఎందుకంటే అన్న నాలుగు గ్లాసులు తాగి ఉన్నాడు. వెళ్లబోతుంటే పెళ్లికూతురు ఇంకొక్క పాట అంది. అది ముగించి బయటికొస్తే బండి లేదు. వంతెన దగ్గర మంచు మీద జారి కాలవలో పడింది.

"అన్న ప్రమాదంలో పోయాడని మాత్రమే చెప్పావు," అంది లోర్నా.

"మిగిలింది ఏమని చెప్పను? నేను పాడుతూ కూర్చున్నా. వాడు చలిలో చూసి చూసి విసిగిపోయి, నా మీద కోపంతో వెళ్లిపోయాడు. ఆ పాటే ఇది."

లోర్నా మీట మీద వేలు పెట్టింది. "పాట చివర్లో ఎవరో మాట్లాడారు నెస్టర్. నాకు మీ భాష రాదు. వింటావా?" అంది.

అతను వద్దనలేదు. ఆమె పెట్టింది. పిచ్చుకల గోల ఇప్పుడు తీరుబడిగా మాట్లాడే ఒక మగ గొంతు. వెనకాల ఒకావిడ నవ్వు. నెస్టర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"మళ్లీ పెట్టు."

మూడుసార్లు విన్నాడు. "మా అన్న," అన్నాడు.

"ఏమన్నాడు?"

"'వాణ్ణి పిలవకమ్మా, పాడనీ. ఇవాళ వాడి గొంతు భలే ఉంది. నేను మెల్లగా పోతాలే, పొద్దున ఫోన్ చేయమను.'" నెస్టర్ ఆమె వైపు తిరిగాడు. "కోపం లేదు లోర్నా. వాడికి కోపమే లేదు."

డెబ్భై రెండేళ్ల మనిషి తొడుగుల చేతులతోనే మొహం కప్పుకున్నాడు. లోర్నా అతని భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

మధ్యాహ్నం పౌలీన్‌కు ఫోన్ చేసి ఆ ముక్క వినిపించారు.

"ఆ నవ్వింది మా అమ్మ," అంది పౌలీన్. "రికార్డరు మా నాన్నది, బ్యాటరీలు అయిపోతున్నాయని ఆ రోజంతా సణిగాడు. టేపు మెల్లగా తిరిగి ఎక్కిందేమో, మీకు గబగబా వినపడిందంటే అందుకే. తారస్ సంగతి తెలిశాక అమ్మ నెల్లాళ్లు మంచం దిగలేదు. తాగినవాణ్ణి ఆపలేదని కుమిలిపోయిందో ఏమో, ఆ పూట మాటే ఎత్తనిచ్చేది కాదు. నాకు తెలిసుంటే నీకు చెప్పకుండా ఉంటానా నెస్టర్?"

"నీ తప్పేముంది," అన్నాడతను.

ఫోన్ పెట్టేశాక లోర్నా ల్యాప్‌టాప్ మూయబోయింది.

"ఉండు. మీ వాళ్లకి వెయ్యి ఆ పాట," అన్నాడు నెస్టర్. "కానీ ఇంత నెమ్మదిగా కాదు. నా గొంతు అంత బొంగురేం కాదు."

"మరెంత?"

అతను ముక్కుతో రెండుసార్లు గాలి పీల్చి, సన్నగా ఒక స్వరం తీశాడు. గొంతు జీరబోయింది, వణికింది. అయినా ఆపకుండా పట్టి ఉంచాడు. లోర్నా తెర మీది అంకెను ఒక్కొక్కటే పెంచుతూ పోయింది. నూట ముప్పై ఆరు దగ్గర క్యాసెట్‌లోని కుర్రవాడూ బల్ల దగ్గరి ముసలివాడూ ఒకే స్వరంలో కలిశారు.

మంగళవారం కొలనులో ఆ పాట వేసింది. ఆయాసం వస్తోంది, తగ్గించమని నీళ్లలోంచి ఆడవాళ్లు గోల పెట్టారు. లోర్నా తగ్గించలేదు, చివరి మాటలూ కత్తిరించలేదు. పౌలీన్ గట్టు పట్టుకుని, తల్లి నవ్వు వినపడేదాకా కళ్లు మూసుకుని నిలబడింది.